తాళాల గది

“అక్కా, వైసన్ గాడు తాళం మింగి కూచున్నాడు! కక్కించండి!”

గోడ అవతలి నుంచి ఎవరో అరిచారు. డొరికా నమగోవా కళ్లజోడు సర్దుకుని తెర వైపు చూసింది. ఆఫీసుకున్న అయిదు తాళాలూ అయిదుగురి పేర్ల పక్కన ఉన్నాయి. వైసన్ పేరు పక్కన ఉన్నది పొద్దుట్నుంచీ కదల్లేదు. తలుపు సందులోంచి తొంగిచూస్తే అతని కుర్చీ ఖాళీగా ఉంది. కోటు మాత్రం కుర్చీ వీపుకు తగిలించి ఉంది.

“వైసన్! నువ్వు లేకుండా నీ కోటు ప్లాన్లు గీస్తోందా?”

“టీ తాగడానికి వచ్చానక్కా, ఒక్క గుక్క!”

“గుక్క మింగు, తాళం వదులు.”

అందరూ నవ్వారు. వైసన్ చేతిలో కప్పుతో పరుగున వచ్చి తను గీస్తున్న ప్లాను భద్రం చేసి మూసేశాడు. డొరికా అతని పేరు పక్కన ఉన్నదాన్ని విడిపించి, అరిచినవాడికి ఇచ్చింది.

ఆ ఆఫీసులో తాళమంటే లైసెన్సు. ఇళ్లకీ బళ్లకీ ఆసుపత్రులకీ ప్లాన్లు గీసే ప్రోగ్రాము తెరుచుకోవాలంటే అది ఉండాలి. గీసేవాళ్లు ఎక్కువ, కొన్నవి తక్కువ. ఒకరు మూస్తేనే ఇంకొకరికి తెరుచుకుంటుంది. ఎవరికి తొందరో, ఎవరు ఊరికే పట్టుకు కూచున్నారో చూసి పంచడం డొరికా పని. అందుకే మెట్ల కింద ఆ చిన్న గదికి తాళాల గది అని పేరొచ్చింది. కిటికీ లేదు. పెద్ద కంప్యూటరు ఒకటి రాత్రింబవళ్లు గుర్రుమంటూ ఉంటుంది. బయట లింబే బజారంతా చిపెరోని అనే చలిజల్లులో నానిపోయే జూన్ నెలలో కూడా ఆ గది వెచ్చగా ఉంటుంది. చలికి తట్టుకోలేనివాళ్లు ఏదో వంకతో వచ్చి చేతులు కాచుకుని పోతుంటారు. డొరికా రాగానే తడిసిన చెప్పులు విప్పి, బల్ల కింద ఉంచుకున్న గుడ్డ బూట్లు తొడుక్కుంటుంది.

ఆమెకు ఇంకో పని కూడా ఉంది. కొత్త రకం ప్రోగ్రాములో గీసిన ఫైలు పాతవాటిలో తెరుచుకోదు. బయటివాళ్ల దగ్గర, అంటే కమ్మరి షెడ్లలో, జిల్లా ఆఫీసుల్లో, ఇంకా పాతవే ఉన్నాయి. వాళ్లకు పంపేముందు ఫైలును పాత రూపంలోకి దించాలి. దించినప్పుడల్లా ఏదో ఒకటి రాలిపోతుంది. అక్షరాలు ప్రశ్నార్థకాలవుతాయి, వంపులు ముక్కలవుతాయి, ఒక్కోసారి ఒక పొర మొత్తం మాయమవుతుంది. డొరికా రెండు రూపాలూ కాగితం మీద తీయించి, ఒకదాని మీద ఒకటి పెట్టి, గోడకున్న లైటుకు ఎదురుగా పట్టుకుని చూస్తుంది. ఆమెది పొట్టి మనిషి. పెద్ద కాగితమైతే చేతులు బాగా పైకెత్తాలి, భుజాలు నొప్పెడతాయి. యాభై దాటాక ఆ నొప్పి రాత్రుళ్లు కూడా ఉంటోంది.

ఆ రోజు మధ్యాహ్నంలోగా తియోలో ఊరి ఆసుపత్రి పైకప్పు ఫైలు జోంబాలో ఇనప పనులు చేసే మగంగాకు వెళ్లాలి. దాన్ని తెరవబోతుండగా తలుపు దగ్గర నూనె వాసన వచ్చింది. లికోంగ్వే నిలబడి ఉన్నాడు. చేతిలో కాగితం పొట్లం.

స్టోనార్డ్ లికోంగ్వే ఆ సంస్థ యజమాని. అందరికీ బ్వానా, అంటే దొర. గది చిన్నది కాబట్టి తల వంచి లోపలికొచ్చి, పొట్లం బల్ల మీద పెట్టాడు. వేడి మండాసీలు, నూనెలో వేయించిన తియ్యటి పిండి ఉండలు.

“మీ సందు చివర ఆ ముసలామె దగ్గరే కొన్నా. నీకిష్టమని.”

“మా సందు దాకా వెళ్లావా? ఈ జల్లులో?”

“ఆ పక్కన పనుండి వెళ్లాలే.” అతను నిలబడే మాట్లాడాడు. “పది గంటలకు వాళ్లొస్తారు. ప్రోగ్రాము కంపెనీ తరఫు లాయరమ్మ. మెషీన్లు చూస్తారట.”

డొరికా చేతిలోని మండాసీ కాగితం మీదికి దిగింది.

“ఆ నాలుగు మెషీన్లూ చూస్తారా?”

“చూస్తారు. నువ్వేం భయపడకు. అడిగినదానికి జవాబు చెప్పు, అంతే. నేనున్నాగా.”

అతను వెళ్లాక ఆమె మండాసీ తిన్నది. నేనున్నాగా అన్న మాట ఆమెకు కొత్త కాదు, కానీ ఇన్నాళ్లూ ఆ మాట ఎక్కువగా అన్నది తనే. సంస్థ పుట్టింది న్డిరాండేలో ఆమె ఇంట్లో, అన్నం తినే బల్ల మీద. అప్పుడు లికోంగ్వే గది అద్దె కట్టలేని కుర్ర ఆర్కిటెక్టు. ఆమె ప్రభుత్వ ఆఫీసులో పల్చటి కాగితం మీద సిరాతో నకళ్లు దించే మనిషి. కంప్యూటరు తెచ్చుకుంటే అతని గదిలో కరెంటు లేదు. ఆమె ఇంట్లో ఉంది. చెల్లెలు చనిపోయి ఆమె పిల్లలిద్దరూ డొరికా దగ్గరే పెరుగుతున్నారు. వాళ్లు నేల మీద కూచుని మొక్కజొన్న పిండి ముద్ద న్సీమా తినేవారు, బల్ల మీద మెషీను. అతనూ ఆమే ఒకే పుస్తకం ముందు పెట్టుకుని, తప్పులు చేస్తూ, నవ్వుకుంటూ, తొలి ఇల్లు గీశారు. అతను తెల్లవారుజామున ఆకలేస్తోందంటే పిల్లలకు దాచిన చేపలు వండిపెట్టింది. అతని పెళ్లిలో పెళ్లికూతురి పక్కన నిలబడింది.

రెండేళ్ల కిందట ప్రోగ్రాము కంపెనీవాళ్లు కొత్త రకాన్ని విడిగా అమ్మడం మానేశారు. ఏటా అద్దె కట్టమన్నారు. పెద్ద గుత్తేదారులు కొత్త రకంలోనే ఫైళ్లు పంపుతున్నారు, కొని ఉంచిన అయిదు తాళాలకూ అవి తెరుచుకోవు. లికోంగ్వే అద్దె కట్టనన్నాడు. తన సొంత అక్క కొడుకు చిఫుండోను పిలిపించాడు. ఆ కుర్రాడు జేబులోంచి దొంగ కాపీ తీశాడు.

“నేను ఎక్కించను,” అంది డొరికా.

“నిన్నెవరు ఎక్కించమన్నారు? పాస్‌వర్డు చెప్పి ఇంటికెళ్లు. ఇవాళ తొందరగా వెళ్లి పడుకో.”

ఆమె చెప్పింది. ఇంటికి వెళ్లింది. ఆ తర్వాత ఆ నాలుగు మెషీన్ల వైపు చూసినప్పుడల్లా, చెప్పకూడని మాట నోట్లోంచి జారిపోయినట్టు నాలుక చేదుగా అనిపించేది. వాటి ముందు కూచునేవాళ్లకు అంతా తెలుసు. అందులో ఫైనెస్ ఒకతె. రోజూ మధ్యాహ్నం డొరికాతో కలిసి ఒకే గిన్నెలో తినే మనిషి. “ఇది బతుకా అక్కా? దొంగసొత్తు మీద కూచుని ఆసుపత్రులు గీస్తున్నాం,” అని ఎన్నోసార్లు ఆమే అంది.

పది దాటాక టెంబెను అనే ఆ లాయరమ్మ వచ్చింది. సన్నటి మనిషి, తడిసిన గొడుగు తలుపు దగ్గర జాగ్రత్తగా ఆనించి వచ్చింది. వెంట ఒక కుర్రాడు మెషీన్లన్నీ తిరిగి చూసి, ఆమె చెవిలో ఏదో చెప్పాడు. అందరినీ పెద్ద బల్ల చుట్టూ కూచోబెట్టారు.

“నాలుగు మెషీన్లలో దొంగ కాపీలున్నాయి,” అంది టెంబెను, కోపమేమీ లేకుండా. “ఎవరు ఎక్కించారు?”

లికోంగ్వే గొంతు సవరించుకున్నాడు. డొరికా అతని వైపే చూస్తోంది. ఇప్పుడు చెప్తాడు, కాస్త మెలికలు తిప్పి అయినా తన మీద వేసుకుంటాడు అనుకుంది.

“అమ్మా, నాకు గోడలు తెలుసు, మెట్లు తెలుసు. మెషీన్ల కడుపులో ఏముందో నాకు తెలీదు. అదంతా మొదట్నుంచీ డొరికమ్మ చేతిలోనే ఉంది. ఆమె మీద నమ్మకంతో నేను ఏనాడూ తొంగిచూడలేదు.”

ఆమెకు మొదట అర్థం కాలేదు. తన పేరు విన్నది కానీ, అది ఇంకెవరి పేరో అన్నట్టు తోచింది.

టెంబెను బల్ల చుట్టూ చూసింది. “మీరేమంటారు?”

వైసన్ గోళ్లు చూసుకుంటూ, “మెషీన్ల సంగతి డొరికక్కే చూస్తుంది,” అన్నాడు. అతని పక్కవాడు తలూపాడు. ఆ పక్కవాడు, “అవునండీ,” అన్నాడు. ఒకరి తర్వాత ఒకరు, చర్చిలో చందా పళ్లెం అందించినట్టు, ఆ మాటను పక్కవాడికి అందించారు. పొద్దున తాళం కోసం అరిచినవాడూ అందించాడు. చివరికి అది ఫైనెస్ దగ్గరికొచ్చింది.

“మీరు ఆ మెషీన్లలో ఒకదాని మీదే పనిచేస్తారు కదా. ఎవరు ఎక్కిస్తుంటే చూశారు?” అంది టెంబెను.

ఫైనెస్ లికోంగ్వే వైపు చూసింది. తర్వాత బల్ల వైపు.

“డొరికా అక్క,” అంది. “నేను చూశాను.”

మిగతావాళ్లు ఎవరూ చూశానని అనలేదు. ఆ ఒక్క మాట ఆమే కలిపింది.

డొరికా నోరు విప్పింది.

“పాస్‌వర్డు ఇచ్చింది నేనే. అది నా తప్పే. ఎవరికిచ్చానో ఆయన ఇక్కడే కూచున్నాడు. తెచ్చి పెట్టింది ఆయన మేనల్లుడు.”

లికోంగ్వే రెండు చేతులూ మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. తీసేసరికి కళ్లలో నిజంగానే నీళ్లున్నాయి.

“ఇన్నేళ్లు అక్కలా చూసుకున్నానమ్మా,” అన్నాడు లాయరుతో. “ఇలా నా మీదికే తిప్పుతుందని అనుకోలేదు.”

టెంబెను ఇద్దరినీ చూసింది. ఆమెకు ఏది నిజమో కొంత తెలిసినట్టే ఉంది. కానీ ఆమె వచ్చిన పని వేరు. “సంస్థ కట్టాల్సింది సంస్థ కట్టాలి. యజమానికి తెలియకుండా ఉద్యోగి చేసిందంటే, ఆ ఉద్యోగిని తీసేస్తే, కోర్టుదాకా వెళ్లదు,” అంది. గొడుగు తీసుకుని వెళ్లిపోయింది.

నడవాలో ఫైనెస్ ఎదురొచ్చింది. దారి ఇవ్వకుండా నిలబడి, చున్నీలా వేసుకున్న చితెంజే గుడ్డ అంచు వేళ్లకు చుట్టుకుంటోంది.

“నీ పేరు చెప్పకపోతే ఆఫీసు మూసేస్తారన్నాడక్కా బ్వానా. నిన్న సాయంత్రం ఒక్కొక్కరినీ పిలిచి చెప్పాడు. నాకు ముగ్గురు పిల్లలు, మా ఆయనకు పని లేదు. నువ్వే చెప్పు, నేనేం చెయ్యను?”

“నిన్ననా?” అంది డొరికా. అంటే అతని మాట విన్నాకే. అందరూ వెళ్లేటప్పుడు తన గది తలుపు దగ్గర నిలబడి, పొద్దున కలుద్దాం అక్కా అని ఒక్కొక్కరూ చెప్పి వెళ్లారు. ఫైనెస్ చెయ్యి పట్టుకుని మరీ చెప్పింది.

“నా పక్క నిలబడమని నిన్ను అడగలేదు ఫైనెస్. తల దించుకుని ఊరుకున్నా సరిపోయేది. చూశానని ఎందుకన్నావు?”

ఫైనెస్ చితెంజే అంచుతో మొహం కప్పుకుని ఏడ్చింది.

తాళాల గదిలో లికోంగ్వే ఆమె కుర్చీలో కూచుని ఉన్నాడు. ఆమెను చూసి లేచాడు.

“కొన్నాళ్లు ఇంట్లో ఉండు. గొడవ చల్లారనీ. నేను చూసుకుంటా. నిన్ను ఊరికే వదిలేస్తానా?”

“చిఫుండో వచ్చిన రోజు నేను పాస్‌వర్డు ఇవ్వనంటే ఏం చేసేవాడివి?”

అతనికి అబద్ధం చెప్పే ఓపిక అయిపోయినట్టుంది.

“అప్పుడే తీసేసేవాణ్ణి.”

“అయితే ఈ రెండేళ్లూ నువ్వు పెట్టిన భిక్షన్నమాట.”

“అలా మాట్లాడకు డొరికా. మీ బల్ల దగ్గర కూచుని నేర్చుకున్నవాణ్ణి నేను.”

“ఆ మాట లాయరమ్మకు చెప్పాల్సింది.”

అతను తలుపు దగ్గర ఆగాడు. “పాస్‌వర్డు ఫైనెస్‌కు చెప్పి వెళ్లు. రేపట్నుంచి ఆమే చూస్తుంది.”

అంటే అది కూడా నిన్నే తేలిపోయింది. అప్పటిదాకా డొరికా నిలబడే ఉంది. అప్పుడు కూచుంది.

తియోలో పైకప్పు ఫైలు తెర మీద అలాగే ఉంది. వదిలేసి వెళ్లొచ్చు. వదిలేస్తే రేపు ఫైనెస్ ఒక మీట నొక్కి దించి, చూడకుండానే పంపేస్తుంది. డొరికా దాన్ని పాత రూపంలోకి దించింది. రెండూ కాగితం మీద తీయించి, ఒకటి మీద ఒకటి పెట్టి, చేతులు పైకెత్తి లైటుకు పట్టింది. దూలానికీ దూలానికీ మధ్య అడ్డంగా బిగించే కమ్మీల పొర పాత రూపంలో లేదు. అవి లేకుండా కప్పు వేస్తే మొదటి ఈదురుగాలికే దూలాలు పక్కకు ఒరుగుతాయి. కప్పు కింద బాలింతల మంచాలుంటాయి. ఆమె మళ్లీ కూచుని ఒక్కొక్క కమ్మీ గీసింది. గీస్తున్నంతసేపూ గోడ అవతల ఎవరూ తాళం అడగలేదు.

మగంగాకు ఫోన్ చేసింది.

“పంపాను. అడ్డ కమ్మీలు నేనే చేత్తో గీశాను, ఎర్రరంగులో కనిపిస్తాయి. ఒక్కటి కూడా వదలొద్దు.”

“నువ్వు చెప్పాక వదుల్తానా అమ్మా? ఏదైనా అర్థం కాకపోతే రేపు ఫోన్ చేస్తాలే.”

“రేపు నేనుండను.”

“సెలవా? మంచిది, మంచిది. ఎప్పుడూ తీసుకోవు. వెచ్చగా దుప్పటి కప్పుకుని పడుకో.”

“అలాగే,” అంది.

ఫైనెస్‌ను పిలిచి పాస్‌వర్డు చెప్పింది. ఫైనెస్ దగ్గర కాగితం లేదు, అరచేతిలో రాసుకుంది. రాస్తుంటే డొరికా అక్షరాలు ఒక్కొక్కటీ నిదానంగా, రెండుసార్లు చెప్పింది. ఒకచోట తప్పు రాస్తే దిద్దింది. తర్వాత సంచి భుజానికి తగిలించుకుని పెద్ద గది మధ్యలోంచి నడిచి వెళ్లింది. అందరూ తెరల వైపే చూస్తున్నారు. వైసన్ మాత్రం సగం లేచి, మళ్లీ కూచున్నాడు. బయట జల్లు పడుతూనే ఉంది. ఆమె తలమీద చితెంజే కప్పుకుని, న్డిరాండే మినీబస్సు ఆగే చోటికి, ఎప్పుడూ నడిచే నడకతోనే వెళ్లింది. కిటికీలోంచి చూసినవాళ్లకు ఆమె వెనక్కి తిరిగి చూస్తుందేమో అనిపించింది. చూడలేదు.

మర్నాడు పొద్దున ఫైనెస్ తాళాల గదిలో కూచుంది. డొరికా బల్ల అందేలా పైకెత్తుకున్న కుర్చీ ఆమెకు మరీ ఎత్తుగా ఉంది, కిందికి దించుకుంది. గోడ అవతల నుంచి ఎవరో, “తాళం ఒకటి కావాలి,” అన్నారు. మెల్లగా, అరవకుండా. ఏ పేరు పక్కన ఏముందో వెతుక్కుంటూ ఆమె కాళ్లు ముందుకు చాపింది. వేళ్లకు ఏదో మెత్తగా తగిలింది. వంగి చూసింది.

బల్ల కింద, వెచ్చటి గాలి వచ్చే చోట, గుడ్డ బూట్ల జత ఒకటి, మడమలు అణిగి చెప్పుల్లా అయిపోయి, పక్కపక్కనే బుద్ధిగా ఉంది.