సగం గీసిన గడ్డం

ఆ చర్చిలో ఒక పద్ధతి ఉంది. సేవకు ఎవరెవరు వస్తారని అడిగేటప్పుడు పాస్టరుగారు అందరినీ కళ్ళు మూసుకోమంటారు. ఎత్తిన చేతులు ఆయన ఒక్కరికే కనబడాలి, గొప్పలకు తావుండకూడదు. పద్ధతి మంచిదే. కానీ కళ్ళు మూసుకోగానే నిద్రపోయే మనుషులుంటారని ఆయనకు తట్టినట్టు లేదు. మన సెలూనాయన అలాంటివాడే. ఆ ఆదివారం అతను గుర్రు పెట్టకుండా చక్కగా కునుకు తీస్తుంటే, పక్కనున్న భార్య అతని చెయ్యి పట్టుకుని పైకెత్తింది.

మంచం పట్టినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి, ఎవరికి వచ్చిన పని వాళ్ళు చేసిపెట్టాలి. అదీ ఆ నెల సేవ. నర్సమ్మ బీపీ చూస్తుంది, ఎలక్ట్రీషియన్ ఫ్యాన్లు బాగుచేస్తాడు. చీటీలు పంచితే సెలూనాయనకు వచ్చిన దాంట్లో సొంత అన్న చిరునామా ఉంది.

పదకొండేళ్ళుగా అతను ఆ గడప తొక్కలేదు. అప్పట్లో వేరే ఊళ్ళో పనిచేసేవాడు. అమ్మ పోయిన రెండో రోజుకు గానీ అన్న కబురు పెట్టలేదు. కడచూపు దక్కలేదు. ఆ మంట ఇంకా చల్లారలేదు.

"నేను చచ్చినా వెళ్ళను," అన్నాడు భార్యతో.

"మాటిచ్చింది నాకు కాదు, దేవుడికి. తనని శత్రువులకు పట్టివ్వబోయే శిష్యుడి కాళ్ళు కూడా కడిగాడు ప్రభువు. నువ్వు గడ్డం గీయలేవా?"

"చెయ్యెత్తింది నువ్వు!"

"చెయ్యి నీదేగా."

మర్నాడు కత్తీ నురుగూ సంచిలో వేసుకుని అన్న ఇంటికి బయల్దేరాడు.

వదిన అతన్ని వెనక గదిలోకి తీసుకెళ్ళింది. అన్న దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. పక్షవాతంతో కుడివైపు పడిపోయింది. నెల గడ్డం, మందుల వాసన, ఊచలున్న ఒకే ఒక్క కిటికీ.

"మందుల షాపుకి వెళ్ళొస్తా మరిదిగారూ. తలుపు తీసుంటే పిల్లి దూరి ఆయన మంచమెక్కుతుంది. లోపలి పిడి ఊడిపోయింది, నేనొచ్చి తీస్తా."

"అది కాదు వదినా..." అనేలోపే తలుపు మూసుకుపోయింది.

నెట్టి చూశాడు. తట్టి చూశాడు. గోడలు మీదికొస్తున్నట్టుంది. అన్న కళ్ళార్పకుండా చూస్తున్నాడు. ఇక చేసేదేముంది? నురుగు పూసి, కత్తి తీసి, ఎడమ చెంప గీసేశాడు. కత్తి గొంతు దగ్గరికి వచ్చేసరికి అన్న నోరు విప్పాడు. మాట ముద్దముద్దగా వచ్చింది.

"అమ్మ నిన్నే పిలిచింది."

కత్తి ఆగిపోయింది.

"మూడు రోజులు. అన్నం పెట్టింది నేను, ఒళ్ళు తుడిచింది నేను. పిలిచింది నిన్ను. కుళ్ళుకున్నాన్రా. అందుకే కబురు పెట్టలేదు."

సెలూనాయనకు ఒళ్ళంతా భగ్గుమంది. మూడు రోజులు అమ్మ తన కోసం ఎదురుచూసింది. ఆ మూడు రోజులూ తను ఎవరెవరివో తలలు దువ్వుతూ, జోకులేస్తూ గడిపాడు. కత్తి మడిచి సంచిలో పడేసి, తలుపును రెండు చేతులతో బాదాడు.

"వదినా! తలుపు తియ్యండి!"

ఇంట్లో ఎవరున్నారు గనక? నుదురు తలుపుకు ఆనించి అలాగే నిలబడిపోయాడు. వెనక అన్న ఏడుస్తున్నాడు. మొహంలో ఎడమ సగం మాత్రమే ఏడుస్తోంది. కుడి చెంప మీద నురుగు ఆరిపోతోంది. క్షమించమని మాత్రం అన్న అడగలేదు. అడిగి ఉంటే కాదని అనేసి, కాస్త తేలిక పడేవాడేమో.

చాలాసేపటికి గడియ చప్పుడైంది. తలుపు తెరుచుకుంది. వదిన వెనకాల హాలు, దాని అవతల ఎండలో వీధి కనిపించాయి.

"అయిపోయిందా మరిదిగారూ?"

సంచి భుజాన వేసుకున్నాడు. గడప దాటబోతూ ఒకసారి వెనక్కి చూశాడు. ముప్ఫై ఏళ్ళలో అతని చేతికింద నుంచి ఏ మనిషీ సగం గడ్డంతో లేవలేదు. కోపం పోలేదు. పోతుందన్న నమ్మకమూ లేదు. అయినా సంచి దింపి, మళ్ళీ కత్తి తీశాడు.

"ఇంకా సగం ఉంది," అన్నాడు. "తలుపు వేసెయ్యండి వదినా. పిల్లి వస్తుంది."