రీఫు మెడ మీది నీలం

పొద్దున లేచి మొహం కడుక్కోకముందే గంగ చేసే మొదటి పని కుక్క చెవుల్లోంచి పిడుదులు పీకడం. ఒక పాత మూతలో సర్ఫు నీళ్ళు పోసుకుని, వాకిట్లో గొంతుక్కూర్చుని, కుక్క తలను మోకాళ్ళ మధ్య ఇరికించుకుని మొదలుపెడుతుంది. నెత్తురు తాగి శనగగింజల్లా ఉబ్బిన పిడుదు ఒక్కోటి గోళ్ళ మధ్యకు రాగానే ఒక "ఛీ" అంటుంది. మారికుప్పంలో గని కార్మికుల ఇళ్ళ లైనులో ఉన్నవాళ్ళకు ఈ ఛీలు వింటేనే తెల్లవారినట్టు. పిడుదుల పని అయ్యాక చేతులు మూడు మాట్లు సబ్బుతో రుద్దుకుని, వాసన చూసుకుని, ఇంకోసారి రుద్దుకుని, మాలూరు ఫ్యాక్టరీకి రైలెక్కుతుంది.

కుక్క పేరు రీఫు. గనిలో బంగారం దొరికే రాతిపొరను రీఫు అంటారు. ముప్పై ఏళ్ళు ఆ పొర వెంట పాక్కుంటూ పోయిన చిన్నప్ప, గని మూతపడ్డాక ఎప్పుడో తెచ్చుకున్న కుక్కపిల్లకు ఆ పేరే పెట్టుకున్నాడు. చిన్నప్ప గంగకు మామ. ఊపిరితిత్తుల నిండా రాతిపొడి పట్టి, నాలుగేళ్ళు మంచంలో దగ్గి దగ్గి పోయినాడు. ఆయన కఫం పళ్ళెం బూడిదేసి కడిగింది గంగే. అప్పుడూ ఛీ అంటూనే కడిగింది. చిన్నప్ప ఏమీ అనుకునేవాడు కాదు. పోయేముందు ఇల్లు ఆమె పేరున రాయించి, కుక్క తాడు ఆమె చేతిలో పెట్టాడు.

కొడుకు, అంటే గంగ మొగుడు శంకర్ పేరున ఎందుకు రాయలేదంటే, శంకర్ అప్పటికే మాలూరులో వేరే ఆవిడతో కాపురం ఉంటున్నాడు. దానికి కారణం గంగేనని లైనంతా తీర్మానించింది. అందుకు సాక్ష్యం కూడా ఉంది వాళ్ళ దగ్గర.

ఆ లైన్లలో గనులు తవ్విన రోజుల నుంచీ నీలం తీసుకోవడం ఉంది. లోపల రాయి పడి, ఒళ్ళు కమిలి మొగుడు పైకొస్తే, గనిలోకి దిగే షాఫ్టు దగ్గర కాచుకుని ఉన్న పెళ్ళాం అతని వీపు మీద చెయ్యి వేసేది. కమిలిన నీలం, వాపు, సలుపు అన్నీ జారి ఆమె ఒంటిమీదికి వచ్చేసేవి. మగవాడు తేటగా ఇంటికి నడిచివచ్చి కూడు తినేవాడు, ఆడది మూలుగుతూ వడ్డించేది. లోపలి రోగాలు అలా మారవు, కమిలిన నీలం ఒక్కటే మారుతుంది. అదీ ప్రేమ ఉంటేనే. కాబట్టి నీళ్ళ కొళాయి దగ్గర ఆడవాళ్ళు చీర కొంగు జరిపి ఒకరి నీలం ఒకరికి చూపించుకుని గర్వపడేవాళ్ళు. గని పోయినా ఈ ఆచారం పోలేదు.

పెళ్ళయిన మూడో ఏడు శంకర్ ఇటుకల లారీ మీంచి పడ్డాడు. వీపంతా నేరేడుపండు రంగు. లైనంతా చూస్తుండగా గంగ రెండు చేతులూ ఆనించింది. సారా కంపు, దాని కింద ఎవరిదో మల్లెనూనె వాసన. ఎంతసేపు ఆనించినా ఏమీ రాలేదు. వారం తిరక్కుండా శంకర్ మాలూరు పోయి, నున్నని వీపుతో తిరిగొచ్చాడు. మాలూరులో ఏ ఆవిడో ఆ నీలాన్ని మోస్తోందని అందరికీ అర్థమైంది. "ఆమెకుండే ప్రేమ నీకు లేకపాయె గదమ్మా," అని పక్కింటి చిన్నవెంకటమ్మ మొహాన్నే అనేసింది. శంకర్ బ్యాగు సర్దుకుని వెళ్ళిపోయాడు. ఆ రోజు నుంచి గంగ రాతిగుండెదని పేరు. గంగ కూడా నమ్మింది, అదే అసలు బాధ.

ఇట్లా ఉండగా రీఫుకు జ్వరం వచ్చింది. కూడు ముట్టదు, ముక్కు ఎండిపోయింది, నిలబడితే వెనక కాళ్ళు వణుకుతున్నాయి. శనివారం సెలవు పెట్టి, ఆటోలో ఒళ్ళో వేసుకుని రాబర్ట్‌సన్‌పేటలోని కుక్కల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది. దారిలో అది ఆమె చీర మీద పచ్చగా కక్కింది. గంగ ఆటోవాడికి వినబడేటట్టు తిట్టింది.

డాక్టరు చైత్ర కోలారు అమ్మాయి. కుక్క చిగుళ్ళు చూసి, మెడ కింద బొచ్చు గొరిగి, సూదితో నెత్తురు తీసింది.

"పిడుదుల జ్వరం మాదిరి ఉండాదమ్మా. ఈ జ్వరంలో నెత్తురు బేగి గడ్డకట్టదు. సూది పొడిచిన చోట బొటనవేలితో గట్టిగా అదిమి పట్టుకోండి. నేను చెప్పేదాకా తీయాకండి," అని చెప్పి, నెత్తురు గొట్టం తీసుకుని వెనక గదిలోకి పోయింది.

గంగ అదిమింది. గొరిగిన చర్మం వెచ్చగా, జిగటగా తగిలింది. వేలి కింద కుక్క గుండె కొట్టుకుంటోంది. జొల్లు మణికట్టు మీదుగా కారుతోంది. ఛీ ఛీ అనుకుంటూ మొహం తిప్పుకుని అట్లాగే పట్టుకుంది.

అప్పుడు ఫోను మోగింది. శంకర్. మామ దినాలప్పటి నుంచి ఒక్కసారి కూడా చేయనివాడు. గంగ బొటనవేలు దానంతటదే కుక్క మెడ వదిలి ఫోను మీదికి పోయింది.

"గంగా, రేపు వస్తా ఉండాను. ఇంగ ఈడ ఉండేది లేదు. మన ఇంటికే వచ్చేస్తాను," అన్నాడు, ఊరు నుంచి పండగకు వస్తున్నవాడిలాగా.

"సరే," అంది గంగ.

చైత్ర వచ్చేసరికి సూది చోట గోలీకాయంత వాపు లేచింది. ఆమె తిట్టలేదు. తనే చాలాసేపు అదిమి పట్టి, ఐసు పెట్టి, మాత్రలిచ్చింది. "చిన్న వాపు, కమిలేది మామూలే, తగ్గిపోతాది. పెరిగినా, ఊపిరికి కష్టపడినా వెంటనే తీసుకురండి. మీ లైన్లలో నీలం తీసుకునేవాళ్ళు ఉంటారు, నిజమే. దాన్నే నమ్ముకుని కూర్చోవాకండి," అంది.

దారి పొడుగునా గంగ తన నోట్లోంచి వచ్చిన ఆ 'సరే'ని తలుచుకుని, పిడుదును నమిలినట్టు మొహం పెట్టుకుంది. కఫం పళ్ళెం కూడా ఆమెకు అంత రోత పుట్టించలేదు. పిలిస్తే పలికే ఈ బొటనవేలు ఎవరిది? తనదేనా?

ఆదివారానికి రీఫు మెడ కింద వాపు గుత్తివంకాయంత అయింది. నీలం గొంతు దిగి, ఛాతీ మీదుగా ముందుకాళ్ళ సందుల్లోకి, బొచ్చు పలచగా ఉన్న పొట్ట దాకా పాకింది. ఊపిరి తీస్తుంటే ఈలలాంటి చప్పుడు. గంగ కుక్కను దుప్పటిలో చుట్టి ఆటో కోసం వీధిలోకొచ్చేసరికి ఆటో ఎదురొచ్చి ఆగింది. అందులోంచి శంకర్ దిగాడు. ఒక చేతిలో బ్యాగు, ఇంకో చేతిలో అరటిపళ్ళు, మైసూరుపాకు డబ్బా.

"యాడికి పోతా ఉండావు? నేను వస్తానని చెప్పినాను కదా."

"ఆస్పత్రికి. ఆటోను పోనీయాకు."

"ఉండు, ఉండు. వచ్చినవాడికి నీళ్ళన్నా ఇయ్యవా?" అని పుల్లతో పళ్ళు కుట్టుకుంటూ అరుగు మీద కూర్చున్నాడు. ఆటోవాడు ఏం చేయాలో తెలియక అక్కడే నిలబడ్డాడు.

శంకర్ వచ్చాడంటే లైను ఊరుకుంటుందా? అందరూ మూగారు. మొగుడొచ్చాడు, అదృష్టవంతురాలు, ఇకనైనా బుద్ధిగా చూసుకో అని తలా ఒక మాట. అరటిపళ్ళు చేతులు మారాయి. అప్పుడు చిన్నవెంకటమ్మ కుక్క వంక చూసింది.

"అయ్యో, దీనికి ఊపిరాడలేదు గదే. ఆస్పత్రి దాకా తట్టుకుంటాదా? ముందు ఎవరన్నా నీలం తీసుకోండమ్మా. సుగటూరులో ఆవు నీలమే తీసుకున్నారంట. గంగకు ఎట్లాగూ రాదు."

ఒక్కొక్కరే వచ్చారు. అరటిపండు జిగురు, తలనూనె, పసుపు అంటిన చేతులు ఒకదాని తర్వాత ఒకటి రీఫు మెడ మీద పడ్డాయి. నా బంగారు, నా తండ్రి, చిన్నప్ప మామ ప్రాణమే ఇది అని ముద్దులు. ఇన్నాళ్ళూ దాని మీద రాళ్ళేసినవాళ్ళే వీళ్ళు. నీలం ఒక్కరికీ రాలేదు. రాకపోతే రాకపోయింది, చెయ్యి తీసి గుట్టుగా చీరకు తుడుచుకుని, పక్కవాళ్ళకేమన్నా వస్తుందా అని తొంగిచూశారు. శంకర్ కూడా లేచాడు. "మా నాయన కుక్క," అంటూ రెండు వేళ్ళు ఆనించి, వెంటనే తువ్వాలుకు తుడుచుకున్నాడు. నీలం తీసుకోవడం మగవాళ్ళ పని కాదు కాబట్టి దాన్ని ఎవరూ తప్పుపట్టలేదు.

గంగకు ఒళ్ళంతా కంపరం పుట్టింది.

"సాలు! లేయండి ఇంగ! దాన్ని ఊపిరి తీసుకోనీరు కదా మీరు!" అని అందరినీ మోచేతులతో తోసి, రీఫును ఎత్తి భుజాన వేసుకుంది. దాని జొల్లు, నెత్తురు వాసన, కక్కిన వాసన అన్నీ ఆమె మెడలోకి దిగాయి. "ఛీ, నా చీరంతా పాడుచేసినావు కదరా, పాడు కుక్కా. సచ్చేవు గిచ్చేవు, నిన్ను చంపేస్తాను," అంటూ ఆటో వైపు నడిచింది.

నాలుగడుగులు వేసేలోపే గంగ గొంతు కింద వెచ్చబడింది. తర్వాత బిగిసింది. తర్వాత సలుపు, పళ్ళు గిట్టకరిచేటంత సలుపు. వంకాయంత వాపు ఆమె మెడ మీద లేచింది. నీలం జాకెట్టు అంచు కిందికి పాకింది. భుజం మీద ఈల చప్పుడు ఆగిపోయింది. రీఫు పెద్దగా ఒక ఊపిరి పీల్చి తుమ్మింది.

"వచ్చె," అంది చిన్నవెంకటమ్మ, చిన్నగా.

ముందు తేరుకున్నవాడు శంకర్. "చూసినారా! నా పెండ్లాం! దానికి ప్రేమ లేదని అంటిరి కదా, కుక్క నీలమే తీసుకునింది," అని లైనంతా వినబడేటట్టు అన్నాడు. అని ఊరుకోలేదు. గంగ ముందుకొచ్చి, అటు తిరిగి, చొక్కా పైకెత్తాడు. వీపు నిండా నీలాలు. పాతవి పసుపుపచ్చగా, కొత్తవి నల్లగా, ఇటుకల బట్టీలో తన్నులాటవో, తాగి పడ్డవో, ఒకదాని మీద ఒకటి.

"ఆమెకు ఇంగ రావడంలేదు గంగా. ఆరు నెలలాయె. రాత్రిళ్ళు పడుకోను కావడంలేదు. చెయ్యి పెట్టు," అన్నాడు, తలంటు పోయించుకోవడానికి కూర్చున్నవాడిలాగా వీపు వంచి.

ఇందుకా వచ్చింది వీడు! గంగ ఛీ అనబోయింది. కానీ వాచిన గొంతులోంచి మాట రాలేదు. లైనంతా ఆమె చేతి వైపు చూస్తోంది. ఆ చెయ్యి, పిలిస్తే పలికే ఆ పాడు చెయ్యి, కుక్క వీపు మీద కొద్దిగా కదిలింది కూడా.

సరిగ్గా అప్పుడు రీఫు మెడ చాచి గంగ గొంతు నాకింది. ఒకసారి, రెండుసార్లు, మూతితో తడిమి తడిమి నాకింది. గంగ మెడ మీది వాపు అందరి కళ్ళముందే అణిగిపోయింది. కుక్క మెడ కింద మళ్ళీ లేచింది. ఇప్పుడది నిమ్మకాయంతే ఉంది.

నీలం వెనక్కి పోవడం ఆ లైన్లలో ఎవరూ ఎరగరు. పెళ్ళాం తీసుకున్నదాన్ని తిరిగి తీసుకున్న మొగుడు గని తెరిచిన నాటి నుంచి ఒక్కడూ లేడు. చిన్నవెంకటమ్మ అరుగు మీద కూలబడింది. ఆమె మోచేతుల మీద, మొగుడు పోయి పన్నెండేళ్ళయినా మానని నల్లమచ్చలున్నాయి. వాటిని ఆమె గర్వంగా అందరికీ చూపించేది. ఇప్పుడు వాటినే తిప్పి తిప్పి చూసుకుంది.

"నలభై ఏండ్లు తీసుకుంటినే," అంది. "ఒక్కనాడన్నా ఆయప్ప నా మీద చెయ్యేసి, ఇటీయమ్మే, ఈ పొద్దు నేను మోస్తాను అనకపాయె." తర్వాత తల ఎత్తి, ఇంకా వీపు చూపించుకుంటూ నిలబడ్డ శంకర్‌ను చూసింది. ఆమె మొహం రోతగా ముడుచుకుంది. "చొక్కా దించుకోరా," అంది.

శంకర్ దించుకోలేదు. గంగ ఏమన్నా అంటుందని చూశాడు. గంగకు ఇప్పుడు గొంతు వచ్చింది.

"ఆ మైసూరుపాకు కూడా ఎత్తుకొని పో," అంది. రీఫుతో ఆటో ఎక్కింది.

చైత్ర కుక్క మెడ మీది వాపునూ, గంగ మెడ మీద మిగిలిన నీలం జాడనూ చూసి ఆశ్చర్యపోలేదు. "ఇద్దరూ పంచుకుంటా ఉండారా? మంచిదే. మాత్రలు మాత్రం నిలపాకండి," అంది.

ఆ తర్వాత కొన్నాళ్ళు ఆ నీలం ఇద్దరి మధ్య తిరిగింది. ఒక రోజు గంగ మెడ మీద, ఇంకో రోజు కుక్క మెడ మీద. గంగ కొంగు కప్పుకోకుండానే రైలెక్కేది. మారిన ప్రతిసారీ కొంచెం తరిగేది, నిమ్మకాయ గోలీకాయ అయింది, గోలీకాయ శనగగింజ అయింది. చివరి చుక్క ఎవరి మీద ఆరిపోయిందో ఇద్దరికీ తెలియదు. పిడుదులు మాత్రం పొద్దున్నే ఉండేవి, ఛీలు కూడా.

మాత్రలయిపోయాక జ్వరం పూర్తిగా పోయిందో లేదో చూడాలని చైత్ర మళ్ళీ నెత్తురు తీసింది. గంగ సూది చోట బొటనవేలు పెట్టి అదిమింది. చైత్ర వెనక గదిలోకి పోయింది. సంచిలో ఫోను మోగింది. ఆగి, మళ్ళీ మోగింది. ఎవరో చూడకుండానే గంగకు తెలుసు. రీఫు జొల్లు మణికట్టు దాటి, మోచేతి దాకా కారి, కొత్త చీర మీద బొట్టు బొట్టుగా పడుతోంది.

"అమ్మా, మీ ఫోను," అంటూ చైత్ర బయటికొచ్చింది. "ఇంగ వేలు తీయొచ్చు. నెత్తురు ఆగిపోయింటాది."

"ఛీ, పాడు కుక్క," అంది గంగ. వేలు మాత్రం తీయలేదు.