నియంత కాళ్ళకు నడక

సినిమాలో ఎవరు నడిచినా ఆ అడుగుల చప్పుడు ఆమెదే. తెర మీద బొమ్మ కదులుతుంటే చీకటి గదిలో, మైకు ముందు చెక్కపలక మీద నిలబడి, ఆ కాళ్ళతోపాటు తన కాళ్ళూ కదిపేది. ముప్ఫయ్యేళ్ళుగా పెళ్ళికూతుళ్ళూ, దొంగలూ, పోలీసులూ ఆమె కాళ్ళతోనే నడిచారు. స్టూడియోలో అందరికీ ఆమె అడుగులమ్మ.

ఆ మధ్యాహ్నం ఒక యుద్ధం సినిమా వచ్చింది. లక్షలమందిని పొట్టనబెట్టుకున్న నియంత గదిలో ఒంటరిగా ఉన్నాడు. యుద్ధం నుంచి కబురు రావాలి. బూట్లు విప్పి, పాత చెప్పులు వేసుకుని, కిటికీ దాకా వెళ్ళి వెనక్కొచ్చి, చల్లారిన టీ ముందు కూర్చున్నాడు. అంతే సీను.

అడుగులమ్మ మగవాళ్ళ చెప్పులు తొడుక్కుంది. తెర వెలుగు గోడల మీద నీళ్ళలా తేలుతోంది. కల్లో నడిచినట్టు నడిచింది. కుడికాలు టపీమని వేసి, ఎడమ మడమను బద్ధకంగా ఈడ్చింది.

"అబ్బ, ఏం నడకమ్మా," అన్నాడు అద్దం అవతల సౌండు ఇంజినీరు. "అచ్చం మా బావే. వీణ్ణి పిలిచి భోజనం పెట్టాలనిపిస్తోంది."

ఆమె వంగి తన కాళ్ళ వంక చూసుకుంది. అది తన కొడుకు చిన్నోడి నడక. చెప్పులరిగిపోతాయిరా, కాలెత్తి నడవరా అని ఇరవయ్యేళ్ళు తిట్టిన నడక. ఎనిమిది నెలల కిందట రైలు వైపు వెళ్తుంటే, సైన్యం వాళ్ళిచ్చిన బూట్లలో కూడా ఆ మడమ అలాగే ఈడ్చుకుంటూ పోయింది. సరిహద్దు నుంచి వాడి ఉత్తరం వచ్చి ఆరు వారాలు.

"అది తీసెయ్యి బాబూ. మా చిన్నోడి నడక అది."

వెనక కుర్చీలోంచి డైరెక్టరు లేచొచ్చాడు. "ఉండనీ అమ్మా. నియంత రాక్షసుడిలా నడిస్తే జనం హాయిగా ఇంటికెళ్ళి పడుకుంటారు. మన వీధిలోవాడిలా నడిస్తేనే భయం. ఇప్పుడీ యుద్ధం చేయిస్తున్నవాడు కూడా ఈపాటికి చెప్పులేసుకుని టీ తాగుతుంటాడు కదా."

ఆ మాట నిజమే అనిపించింది. కానీ నడక వీడికిచ్చేస్తే చిన్నోడు దేంతో నడిచి ఇంటికొస్తాడు? పిచ్చి భయమేనని ఆమెకూ తెలుసు. భయానికి బుద్ధి చెప్పగలిగినవాళ్ళెవరు?

"మనిషి నడకే కావాలంటే ఇస్తాను బాబూ. మావాడిది మాత్రం కాదు."

డైరెక్టరు నిట్టూర్చి తలూపాడు.

ఆమె తన చెప్పులు వేసుకుంది. ఈసారి తెర వంక చూడలేదు. కళ్ళు మూసుకుంటే చెక్కపలక తన ముందుగది అయిపోయింది. ఆరు వారాలుగా తిరుగుతున్న గదే. కిటికీ దాకా తొందరగా వెళ్ళింది. ఆగింది. తపాలా మనిషి గేటు దగ్గర ఆగకుండా పోయాడు. వెనక్కొచ్చే అడుగులు ఒక్కొక్కటీ బరువెక్కాయి.

కళ్ళు తెరిచేసరికి నియంత కూర్చుని ఉన్నాడు.

"ఇది ఉంచుకోమంటావా అమ్మా?" అన్నాడు డైరెక్టరు నెమ్మదిగా.

"ఉంచుకో. ఈ నియంత మూలాన ఇళ్ళల్లో ఇలా తిరిగినవాళ్ళెంతమందో. వాణ్ణీ కాసేపు తిరగనీ."

తర్వాత ఇంజినీరు వైపు తిరిగింది. "మొదటిది చెరిపేశావా?"

"పూర్తిగా పోయిందమ్మా. ఇంకెక్కడా లేదు."

ఆమె మైకు కడ్డీని పట్టుకుంది.

"అలా అనకు నాయనా. ఆ నడక మా చిన్నోడి కాళ్ళకే ఉందని చెప్పు."

అతను తడబడ్డాడు. "వాడి కాళ్ళకే ఉందమ్మా," అన్నాడు.

"ఇంకోసారి చెప్పు."