కదలనిదాన్ని కప్ప ముట్టదు

నాలుక.

అంతే. వచ్చిందీ వెళ్ళిందీ కనపడదు... గడప దగ్గర పాకుతున్న బొద్దింక మాత్రం ఉండదు.

తర్వాత కళ్ళు మూస్తుంది. ఆ కళ్ళనే లోపలికి అణచి, పురుగును గొంతులోకి తోస్తుంది. కళ్ళతో మింగే ప్రాణి మా కొంటా బజారులో ఇంకెవరైనా ఉన్నారా? ఉన్నాడు — ఎదురు కొట్టు శేటు. కాకపోతే ఆయనకు అరగదు.

మా దుకాణం గడప కింద బీటలో దాని కాపురం. ఒళ్ళంతా బొడిపెలు. బియ్యం బస్తాల మధ్య తిరిగే పురుగూ పుట్రా దాని పంట.

అన్నం పెట్టాను. ముట్టలేదు.

బెల్లం పెట్టాను. ముట్టలేదు.

చచ్చిన ఈగను పెడితే నా వంక చూసింది — నువ్వే తిను, అన్నట్టు.

కదలాలి. కదిలిందే దానికి కూడు.

ఒకసారి గాలికి దొర్లిన ఇప్పపువ్వును మింగింది. ఆ సాయంత్రం అది పాడిన పాటకు శబరి నది మూరెడు వెనక్కి పారింది. నమ్మకపోతే నదినే అడగండి.

తోకున్న కప్పలు కూడా ఉంటాయని కిరందుల్ గనిలో పనిచేసే అల్లుడు ఫోనులో చూపించాడు. వానపాము మెలిక తిరిగితే చాలు, గుటుక్కు. తోక తప్ప అంతా మా ఇంటి సంగతే.

ఈరోజు ఆ బీట మూసేస్తారట.

కప్ప ఉన్నచోటికి పాము వస్తుందని మా కోడలు రాజ్యశ్రీ భయం. ఆ భయం తప్పనను. మేస్త్రీ బుధ్రాం తట్టలో సిమెంటు మాలు కలిపాడు.

నేను గడప మీద కూర్చున్నాను. బీటకు అడ్డంగా రెండు పాదాలూ ఆనించి.

"మామయ్యా, లేవుండ్రి. మాలు గట్టిపడతది."

"పడనీ."

"ఒక్క కప్ప కోసం ఏంది ఈ మొండితనం?"

"కదిలినదాన్నే మింగుతది తల్లీ. నేను కదల."

బుధ్రాం మీసాల్లో నవ్వుకుని, మాలు మీద నీళ్ళు చిలకరించాడు. కోడలు చేపల పులుసు కలిపిన అన్నం పళ్ళెం తెచ్చి, చెయ్యి అందనంత దూరంలో పెట్టింది. ఎర! మామకే ఎర!

పులుసు మీద ఆవిరి కదిలింది...

నేను కదల్లేదు.

సాయంత్రం బుధ్రాం మళ్ళీ కొత్త మాలు కలిపేసరికి తొలకరి పడింది. తడిసిన నేల వాసన. ఉసిళ్ళు లేచాయి. వేయించుకు తినడానికి బుధ్రాం తాపీ పక్కన పెట్టి, బల్బు కింద నీళ్ళ గిన్నె పెట్టుకున్నాడు. వాళ్ళ ఊళ్ళో తొలివాన రోజు ఇంకే పనీ చెయ్యరట.

ఆ తాపీ రాజ్యశ్రీ అందుకుంది. మాలు తీసుకుంది. నా ముందుకొచ్చి వంగింది.

నా పాదాల మధ్య నుంచి బొడిపెల ముఖం బయటికొచ్చింది.

అది ఆమెను చూసింది. ఆమె బిగుసుకుపోయింది, తాపీ గాల్లోనే. నా బొటనవేలి మీద ఒక ఉసిలి వాలి ఆగింది. దురద! అయినా కదల్లేదు. ముగ్గురమూ అలాగే ఉన్నాం — తాపీలో మాలు గట్టిపడుతోంది...

మా మధ్య ఒక్క రెక్క మాత్రం కదిలింది.

నాలుక.