డబ్బాలో మిగిలిన చీట్లు

వంటకు బియ్యం తీసిన ప్రతిసారీ ముందుగా ఒక పిడికెడు దేవుని డబ్బాలో వేస్తాను. మా గుడికి, అంటే చర్చికి, వచ్చే ఆడవాళ్లందరి ఇళ్లలోనూ అలాంటి డబ్బా ఒకటి ఉంటుంది. నెలాఖరు ఆదివారం గుడిలో ఇచ్చేస్తాం. పిడికెడు తీశాను కదా అని మళ్లీ బియ్యం కలపడానికి వీల్లేదు, అత్తమ్మ కొలిచి పెట్టిన సోలెడు సోలెడే. ఆయన తిని, అత్తమ్మ తిని, బిడ్డ తిన్నాక కుండలో మిగిలింది నాది. ఆ పిడికెడు ఎవరి కంచంలోంచి తగ్గుతుందో దేవుడికీ నాకూ తెలుసు.

ఆ ఆదివారం గుడి నుంచి వచ్చి బియ్యం చెరుగుతూంటే ఆయన చొక్కా కూడా విప్పకుండా వంటింటి గడపలో నిలబడి ఆ డబ్బా తెమ్మన్నారు. ప్రార్థన చేసి చీట్లు వేద్దామన్నారు. నా చేతిలో చాట ఆగిపోయింది.

చీట్లు మా బిడ్డ రాహేలు చదువు గురించి. ఎనిమిది పాసయింది. వాళ్ల బడి మల్టీపర్పస్ హయ్యర్ సెకండరీ బడిగా మారి రెండేళ్లవుతోంది, తొమ్మిదికి వెళ్లేవాళ్లు ఇప్పుడు ఏదో ఒక గ్రూపు పట్టాలట. సైన్సు ఒకటి, గృహ విజ్ఞానం ఒకటి, చరిత్ర, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం కలిపి ఒకటి. బడిలో ఇచ్చిన ఫారం సోమవారానికి సంతకంతో తిరిగి వెళ్లాలి.

రాహేలుకు చరిత్రే కావాలి. పోయినేడు వరలక్ష్మి టీచరమ్మ పిల్లల్ని ఖిలా వరంగల్ తీసుకెళ్లింది. ఇంటికి వచ్చి బూట్లు విప్పకుండానే రాహేలు నన్ను అడిగింది. "అమ్మా, అంతంత రాళ్లు మోసిన ఆడోళ్ల పేర్లు ఏడ రాసి లేవేందే?" నాకేం తెలుసు. పప్పు మాడుతోంది, పొమ్మన్నాను. కానీ ఆ మాట నా లోపలే ఎక్కడో కూర్చుండిపోయింది.

నేను భయస్తురాలిని. బిడ్డ పది నిమిషాలు ఆలస్యమైతే మండిబజారులో ఏ బండి కిందో పడిందనే అనుకుంటాను. సైన్సు అంటే కప్పల్ని కోయిస్తారు, తర్వాత దవాఖానలో నైట్ డ్యూటీలు, తోడెవరు? చరిత్ర అంటే రేపు మగపిల్లలున్న కాలేజీ, అంతా చదివినా ఉద్యోగం రాకపోతే? గృహ విజ్ఞానంలోనూ కిరసనాయిలు పొయ్యిలుంటాయట. ఏ దారి చూసినా చివర్లో నా బిడ్డ ఏడుస్తూనే కనబడేది. అందుకే ఇన్ని రోజులూ నేను ఇదీ అని చెప్పలేదు. నన్ను అడిగినవాళ్లూ లేరు.

ఆయన దవాఖానలో కంపౌండరు, గుడిలో సంఘపెద్ద. జ్ఞానప్రకాశం గారంటే గొంతు పెంచని మనిషని ఊళ్లో పేరు. నిజమే, ఆయన ఎన్నడూ గొంతు పెంచలేదు. "ఎట్లైనా పొయ్యి కాడికే పోయేది, అదేదో పద్ధతిగ నేర్చుకొని పోతది" అని నెమ్మదిగానే అన్నారు. "చచ్చినోళ్ల ముచ్చట్లు సదివి ఏం జేస్తదిరా?" అని అత్తమ్మ. రాహేలు రెండు పూటలు అన్నం ముట్టలేదు. దాంతో ఆయన, మన ఇష్టమూ వద్దు, పిల్ల ఇష్టమూ వద్దు, దేవుడే చెప్తాడు, అన్నారు.

చీట్లంటే నాకు కొత్త కాదు. మిషన్ బోర్డింగులో ఏడు పాసయి సెలవులకు ఇంటికొచ్చాను. అప్పుడు నాకు పదమూడేళ్లు. ఇంకా చదువుతానని ఏడిస్తే మా బాపు రెండు చీట్లు రాసి ఇలాంటి డబ్బాలోనే కలిపాడు. ఒకటి చదువు, ఒకటి పెళ్లి అన్నాడు. నా చేతికి పెళ్లి వచ్చింది. బాపు రెండో చీటీని బియ్యంలోంచి ఏరి పొయ్యిలో వేశాడు. నేను ఇంక ఏడవలేదు. దేవుడే చెప్పాక ఏడవడమేమిటి?

ఆ ఒక్క మాట మీదే ఇన్నేళ్లు నిలబడ్డాను. కూరలో ఉప్పు తక్కువైందని ఆయన కంచం పక్కకు జరిపి లేచిపోయినప్పుడు, దేవుడు పంపిన ఇల్లు కదా అనుకున్నాను. నన్ను కన్న మా అవ్వ చావుబతుకుల్లో ఉంటే ఇంట్లో బట్టలెవరు ఉతుకుతారని అత్తమ్మ ఆపినప్పుడూ అదే అనుకున్నాను. ఆయన స్నేహితుల ముందు, "మా దీనమ్మకు ఫికర్ జేసుడు తప్ప ఇంకో పని రాదు" అని నవ్వితే, వాళ్ల చాయ్ గ్లాసులు కడుగుతూ నేనూ నవ్వాను.

ఆయన చాప మీద కూర్చుని మూడు చీట్లు మడిచి డబ్బాలో వేసి కలిపారు. కళ్లు మూసుకుని చాలాసేపు ప్రార్థన చేశారు. నేను కళ్లు మూసుకోలేకపోయాను. రాహేలు మోచేతి దాకా చెయ్యి పెట్టి ఒకటి తీసింది. గృహ విజ్ఞానం.

బిడ్డ ఏడవలేదు. అదే నన్ను భయపెట్టింది. ఆ మొహం నాకు తెలుసు, పదమూడేళ్లప్పుడు నాదే.

"దేవునికి స్తోత్రం" అని ఆయన మిగతా చీట్లు ఏరడానికి డబ్బా దగ్గరికి లాక్కున్నారు. అచ్చం మా బాపులాగే. నేను డబ్బా పట్టుకున్నాను. ఎలా పట్టుకున్నానో తెలియదు. డబ్బా మొత్తం చాటలో గుమ్మరించాను. తెల్లటి బియ్యంలో రెండు కాగితం మడతలు.

"మిగిలినయి గూడ ఇప్పు బిడ్డా."

రాహేలు విప్పింది. రెండింటి మీదా ఆయన గుండ్రటి అక్షరాలే. గృహ విజ్ఞానం. గృహ విజ్ఞానం.

ఆయన అప్పుడు కూడా గొంతు పెంచలేదు. "నేను కొత్తగ చేసిందా? మీ బాపు చెప్పిన ఉపాయమే. నీ అప్పుడు గూడ రెండిట్ల ఒకటే మాట ఉండెనట. ఇంట్ల లొల్లి గాకుంట ఉంటదన్నడు."

అత్తమ్మ ఏదో అంటోంది. నాకు వినబడలేదు. అయితే ఆ రోజు దేవుడు ఏమీ చెప్పలేదన్నమాట. ఇన్నేళ్లూ నేను మోసింది బాపు చేతిరాతని.

ఆయన చొక్కా జేబులోంచి కలం తీసుకున్నాను. రాహేలును ఫారం తెచ్చి దాని గ్రూపు రాసుకోమన్నాను. రాసింది. కింద తండ్రి లేక సంరక్షకుని సంతకం అని ఉన్న చోట నా పేరు రాశాను. దీనమ్మ. బోర్డింగులో నేర్పినట్టే అక్షరాలు కలవకుండా వచ్చాయి. రేపు హెడ్ మాస్టరమ్మ ఈ సంతకం చెల్లదంటుందేమో. సాయంత్రానికి పాస్టరుగారు ఇంటికొస్తారేమో. ఆయన నెల రోజులు నాతో మాట్లాడరేమో. అన్ని భయాలూ ఉన్నాయి, ఒక్కటీ పోలేదు. రేపు ఫారం ఇవ్వడానికి బిడ్డతో నేనే వెళ్తాను.

ఎసరు మరుగుతోంది. చాటలో బియ్యాన్ని తిరిగి డబ్బాలో పోయలేదు. రాళ్లు ఏరి, కడిగి, మొత్తం ఎసట్లో వేశాను. అన్నం ఉడికాక మొదటి కంచం నాకే పెట్టుకున్నాను.