నోట్లో చెంచా పెట్టొద్దు

రోహిణి పడితే చూడాలి! సీరియల్లో పేషెంట్లుగా మంచాలెక్కే జూనియర్ ఆర్టిస్టులు ఇరవైమంది ఉన్నా, ఫిట్స్ వచ్చి పడే వేషానికి డైరెక్టర్ నరసింహమూర్తి గారు ఆమెనే ఏరి పట్టుకున్నారు. మూడేళ్లలో మొదటిసారి ఆమెకో మాట కూడా దొరికింది: "థాంక్యూ డాక్టర్!" అంత బాగా పడటం ఎక్కడ నేర్చిందో ఎవరూ అడగలేదు, ఆమె చెప్పనూ లేదు. చెబితే రేపట్నుంచి పిలుస్తారా? నా మొహం పిలుస్తారు!

కొత్తగూడలో ఓ సాఫ్ట్‌వేర్ కంపెనీ ఖాళీ చేసిపోయిన అంతస్తే వాళ్ల ఆసుపత్రి. మీటింగు గదే ఐసీయూ. రిహార్సల్లో డాక్టరు వేషం వేసే హీరో రోహిత్ ఆమె గుప్పిట్లో తాళాల గుత్తి కుక్కి, పళ్ల మధ్య స్టీలు చెంచా దూర్చబోయాడు. రోహిణి మొహం పక్కకు తిప్పేసుకుంది.

రెండేళ్ల కిందట బోరబండలోని ఇంట్లో నిజంగా ఫిట్స్ వచ్చినప్పుడు తల్లి సీతాబాయి సరిగ్గా ఇదే చేసింది. పన్ను విరిగి గొంతుకు అడ్డం పడబోయింది. సీతాబాయికి ఈ సీరియల్ డాక్టరంటే దేవుడు. అసలు డాక్టర్లు చెప్పింది ఈ చెవిన విని ఆ చెవిన వదిలేస్తుంది గానీ, ఈయన మాట మాత్రం జవదాటదు. మాత్రలు మింగుతున్నా ఫిట్స్ మళ్లీ రావని ఎవరు చెప్పగలరు? ఈ సీను టీవీలో వచ్చిందంటే ఇంట్లో ఆ చెంచా మళ్లీ లేస్తుంది.

"యాక్షన్!"

రోహిణి పడింది. చెంచా దగ్గరికి రాగానే రోహిత్ చెయ్యి తోసేసి లేచి కూర్చుంది.

"కట్! ఏమైందమ్మా?"

"సార్, నోట్ల ఏం పెట్టొద్దు. మనిషిని పక్కకు తిప్పాలె. తాళాలు పెడితే ఏం ఆగదు."

"పక్కకు తిప్పి కూర్చుంటే సీనేముందమ్మా? నువ్వేమైనా డాక్టరువా?"

"కాదు సార్, పేషెంటును. నిజం పేషెంటును. గీ పన్ను జూడుండ్రి." పెదవి ఎత్తి చూపించింది.

రోహిత్ చెంచాను ట్రేలో పెట్టేశాడు. నరసింహమూర్తి గారు మాత్రం కళ్లజోడు తుడుచుకుని, "ఈమె బదులు కళ్యాణిని పడుకోబెట్టండి," అంటూ ఇంకో జూనియర్ ఆర్టిస్టును చూపించారు.

దాచుకున్న జబ్బు గుట్టు, దొరక్క దొరికిన వేషం, రెండూ ఒక్క పూటలో పోయాయి. రోహిణికి ఏడుపొచ్చింది. అంతకు రెట్టింపు కోపమొచ్చింది.

సాయంత్రం ఏడింటికి ఇల్లు చేరేసరికి సీతాబాయి టీవీ ముందు బాసింపట్టు వేసుకుని ఉంది. రోహిణి రిమోటు లాక్కుని టీవీ ఆపేసింది.

"ఏందే! డాక్టర్ బాబు వచ్చే టైమాయె!"

"గాయన రాడు. ఇయ్యాల నువ్వే డాక్టర్. నేను పడ్తున్న, జూడు."

బండల మీద దబ్బున పడి కాళ్లూ చేతులూ కొట్టుకుంది. నటన అని తెలిసినా సీతాబాయి "అయ్యో బిడ్డా!" అంటూ వంటింట్లోకి పరుగెత్తబోయింది.

"కట్!" పడుకునే అరిచింది రోహిణి. "చెంచా కోసం ఉరుకుడు గాదు. నన్ను పక్కకు తిప్పు. గడియారం జూడు. అయిదు నిమిషాలు దాటితే అంబులెన్స్‌కు ఫోన్ జెయ్."

సీతాబాయి గొణుక్కుంటూ మోకాళ్ల మీద కూర్చుంది. కూతురి భుజం పట్టి పక్కకు తిప్పి, గోడ గడియారం వైపు చూసింది.

"గిట్లనా?"

"గట్లనే అమ్మా. ఇంకో టేక్."