పోగులో అర్షీన్ పేరు

"మెడల కార్డు తీసి గాడ పెట్టు. రేపటిసంది రాకు."

యజమాని భానుప్రకాశ్ ఆ మాట అందరి ముందే అన్నాడు. అర్షీన్ చేసిన నేరం ఒక్కటే. "మా పేర్లెందుకు తీసేసిన్రు సార్?" అని అడగడం.

ఆ ఆఫీసు గదిలో కూర్చున్నవాళ్లంతా కలిసి రెండేళ్లు "పోగు"ను తయారుచేశారు. వెబ్‌సైట్లకు కావలసిన విడిభాగాల లైబ్రరీ అది. బటన్లు, ఫారాలు, మెనూలు ఒకసారి చేసిపెడితే ఎవరైనా తెచ్చి తమ సైట్లో పెట్టుకోవచ్చు. అర్షీన్ చేసిన క్యాలెండర్ తెలుగులో ఎడమ నుంచి, ఉర్దూలో కుడి నుంచి తడబడకుండా నడిచేది. అందరి పేర్లతో, అందరికీ ఉచితంగా విడుదల చేద్దామని మొదట్లో చెప్పింది ఈ యజమానే. ఇప్పుడు ఏదో హైదరాబాద్ కంపెనీ దాన్ని కొంటానంది. అందుకే పేర్లన్నీ తీసేసి, తన పేరొక్కటే ఉంచుతూ అతను ఒక మార్పు పెట్టాడు.

వాళ్ల పనికి ఒక కట్టుబాటు ఉంది. ఏ మార్పయినా ఇద్దరు చదివి "సరే" నొక్కితేనే విడుదలవుతుంది. ఈ మార్పుకు మొదటి సరే పొద్దున్నే సుచిత్ర నొక్కింది. అవ్వకు మందులిచ్చి, కుక్కర్ దించి, బస్సు వెంట పరుగెత్తి వచ్చిన ఆయాసంలో, సార్ చెప్పాడు కదా అని చదవకుండానే నొక్కేసింది.

మధ్యాహ్నం మెట్ల మీద డబ్బాలు తెరిచి కూర్చున్నారు.

"రెండో సరే నొక్కకుంటే మనల్ని గూడ గట్లనే ఎల్లగొడ్తడు. నాకిద్దరు పిల్లలు," అన్నాడు సతీశ్.

"నీ పేరు గూడ తీసిండు, చూసినవా అన్నా?" అంది శ్వేత.

"పేరు తింటమా?"

"తినం. రేపు ఇంకో జాగల పనడిగితే ఏం చూపెడ్తవ్? నీ మీసమా?"

ఎవరో కిసుక్కున నవ్వారు.

"మొదటి సరే ఎవరు కొట్టిన్రు?" శ్వేత అడిగింది.

"నేనే," అంది సుచిత్ర. "చదవలే."

ఇంకా ఇంటికి పోకుండా గేటు దగ్గర నిలబడిన అర్షీన్‌కు ఆ మాట వినిపించింది. "అక్కా, నా కోసం మీ పని పోగొట్టుకోకుండ్రి."

"నీ ఒక్కదాని ముచ్చట కాదే గిది. నేను కండ్లు మూసుకుని నొక్కిన. అందరి పేర్లు పోయినయ్."

మూడింటికి భానుప్రకాశ్ వచ్చాడు. "ఇంకొక్క సరే గావాలె. మనమంత ఒక్క ఇంటోళ్లం గదా?"

"ఇంటోళ్లమైతే ఆడపిల్లను ఎండల నిలబెడ్తరా సార్?" శ్వేత అడిగింది.

"సతీశ్! గా ఇద్దరి రూలు తీసెయ్."

ఆ అధికారం సతీశ్ దగ్గరే ఉంది. అతను కీబోర్డును అవతలికి నెట్టాడు. "నాతోని కాదు సార్."

"ఒక సరే అయితే ఉంది. రెండోదానికి రేపు బయటోన్ని తెస్త."

సుచిత్రకు ఈ జీతం ఆగితే అవ్వ మందులు ఆగుతాయి. అయినా తెర తెరిచి, తన సరేను వెనక్కి తీసుకుంది. కారణం అడిగిన గడిలో రాసింది: "పేర్లు లేవు."

శ్వేత ఆ మార్పుకు "వద్దు" నొక్కి అదే రాసింది. సతీశ్ కూడా. వరుసగా ప్రతి బల్ల మీదా అదే మాట.

"పోలీసులను పిలుస్త!" భానుప్రకాశ్ ఫోన్ తీసుకుని వరండాలోకి పోయాడు.

గదిలోవాళ్లంతా వెళ్లి అర్షీన్‌ను లోపలికి పిలుచుకొచ్చి, గుమ్మానికి అడ్డంగా కిందే కూర్చున్నారు. లొల్లి విని కింది అంతస్తు కాల్‌సెంటర్ పిల్లలు మెట్లెక్కి వచ్చారు. వాళ్లలో ఒకమ్మాయి హెడ్‌ఫోన్ కూడా తీయలేదు.

"ఏమైందక్కా?"

సుచిత్ర జరిగి జాగ ఇచ్చింది. "కూసో. చెప్త."